బోల్టు పిడి మీద నిమ్మకాయ

నల్లంపల్లి
జూన్ మొదట్లో

ఈశ్వరప్పకు,

క్షేమమా అని నువ్వు అడగలేదు కాబట్టి నేనూ అడగడం లేదు. పోయిన ఆయుధ పూజ నాడు పాయసం కూడా తాగకుండా చెప్పులు వేసుకొని వెళ్లిపోయావు. ఇన్ని నెలలైనా నీ నుంచి ఒక్క మాట లేదు. ఆ పాయసం పక్కింటి దూడ తాగింది. దానికి బాగానే నచ్చింది.

ఈ ఉత్తరం పాయసం గురించి కాదు, నాయన తుపాకి గురించి.

లైసెన్సు రెన్యువల్‌కు ఇచ్చాం కదా, ఈసారి ఆ సీటులో కొత్త అధికారి ఉన్నాడు. చిన్న వయసు, కళ్లద్దాలు, ఇచ్చిన కాగితాలన్నీ చదివే రకం. మన కాగితం చదివి నా కొడుకును పిలిపించాడు. బోల్టు మరమ్మతులో ఉందని రాసి ఉంది, ఎప్పటినుంచి అని అడిగాడట. మా కుమరేశన్‌కు అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెప్పడం అంతకన్నా చేతకాదు. "మా తాత పోయినప్పటినుంచి సార్" అన్నాడట. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని, "ఏమి మరమ్మతు అది?" అన్నాడట.

నాయన చేసిన పంపకం ఆయనకు ఎట్లా చెప్పాలి? మంచం మీద లేచి కూర్చుని, "రంగా, తుపాకి నీకి. ఈశా, బోల్టు నీకి. ఏడాదికి ఒక తూరి ఆయుధ పూజకి రెండూ ఒకటిగా చేసి పెట్టండి, చాలు" అన్నాడని చెబితే, ఏ చట్టం కింద అని అడుగుతాడు. నీకు తుపాకులు బాగుచేసే లైసెన్సు ఉండబట్టి ఇన్నాళ్లూ 'మరమ్మతులో ఉంది' అన్న మాట చెల్లింది. ఇక చెల్లదట. సెప్టెంబరు ముగిసేలోగా తుపాకి, బోల్టు కలిపి ఆయన బల్ల మీద పెట్టాలి. ఇక మీదట రెండూ నా ఇంట్లోనే ఉండాలి. లేదంటే లైసెన్సు రద్దు, తుపాకి ప్రభుత్వానికి స్వాధీనం.

పోయిన ఎన్నికలప్పుడు బోల్టు లేని తుపాకిని స్టేషన్‌లో అప్పగిస్తే, 'చెక్క తగిలించిన ఇనుప గొట్టం ఒకటి' అని రసీదు రాసిచ్చారు. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

కాబట్టి బోల్టు పంపు. ఫోన్ చేయవద్దు. నీకు వినపడదు, వినపడినా ఒప్పుకోవు, మొదటి మాటకే ఇద్దరం అరుచుకుంటాం, ఇంటిల్లిపాదీ వింటారు. పిల్లలంతా తమిళ బడిలో చదివినవాళ్లు, తెలుగు రాత మా ఇంట్లో ఎవరికీ రాదు, మీ ఇంట్లోనూ రాదు. నాయన మనిద్దరికీ ఇసుకలో అక్షరాలు దిద్దించినందుకు ఈ మాత్రం లాభం ఉంది.

రంగమ్మాళ్


హోసూరు
జూన్ చివర

అక్కకు నమస్కారం.

బోల్టు పంపడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఇప్పుడున్న స్థితిలో పంపలేను. కారణం రాస్తాను, కోపం తెచ్చుకోకుండా చదువు. నీకు తెలిసినవి కూడా రాస్తాను, మొదటినుంచీ చెబితే తప్ప నాకు తోచదు.

బోల్టు తుపాకికి గొళ్లెం. పిడి పైకెత్తి వెనక్కి లాగితే తుపాకి తెరుచుకుంటుంది, ముందుకు తోసి దించితే మూసుకుంటుంది. పిడి చివర గుండు ఉంటుంది, చెయ్యి పడేది దాని మీదే. మన తుపాకి అంగట్లో కొన్న సరుకు కాదు. ఏర్కాడు కాఫీ తోట తెల్లదొర తన కొలతలు పంపి ఇంగ్లండులో చేయించుకొని, దేశం విడిచి పోయేటప్పుడు నాయనకు ఇచ్చినది. దొర పొట్టివాడు, అందుకని చెక్క పొట్టి, అందుకని అది నీ భుజానికి అతికినట్టు కూర్చుంది, అందుకని నాయన తుపాకి నీకిచ్చాడు. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. దొరకు అరచేతిలో చెమట ఎక్కువట. చెయ్యి జారకుండా గుండును జామపిందె ఆకారంలో చేయించి, దాని అడుగున సన్నటి గళ్లు చెక్కించుకున్నాడు.

ఇప్పుడు ఆ జామపిందె లేదు. నీ నిమ్మకాయ దాన్ని తినేసింది.

ప్రతి ఆయుధ పూజకూ నువ్వు నిమ్మకాయను సగానికి కోసి, కుంకుమ అద్ది, ఆ గుండుకు గుచ్చుతావు. నాగలి ముందు నేల మీద పెడతావు, మోటారు ముందూ నేల మీదే పెడతావు, తుపాకికి మాత్రం గుచ్చుతావు. పైగా అది తానుగా రాలేదాకా తీయకూడదంటావు. ప్రతి ఏడూ నేను నిమ్మకాయ తలకాయ ఉన్న బోల్టును సంచిలో పెట్టుకొని బస్సెక్కుతాను. కండక్టరు ఇదేమిటంటే మరమ్మతు లైసెన్సు తీసి చూపిస్తాను. ఆయన నిమ్మకాయ వైపు చూసి దూరంగా పోయి నిలబడతాడు.

పులుపు ఇనుమును తింటుంది. గుండు మీద తుప్పు గుంటలు సరిగ్గా అరచెక్క నిమ్మకాయ ఆకారంలో ఉన్నాయి. అడుగున గళ్లు చదునైపోయాయి. పోయినేడు ఈ మాటే మెల్లగా చెప్పబోతే, నీ కోడలి పుట్టింటివాళ్ల ముందు "నీ బోల్టు తీసుకొని పో" అన్నావు. తీసుకొనే పోయాను. పాయసం సంగతి ఆ దూడతోనే మాట్లాడుకో.

బాగుచేసి పంపుతాను. వ్యవధి కావాలి.

ఈశ్వరప్ప


నల్లంపల్లి
జూలై

ఈశ్వరప్పకు,

ఉత్తరం చేరింది. బోల్టు చేరలేదు.

నిమ్మకాయ నాది కాదు, నాయనది. ఆయనే తన చేత్తో గుచ్చేవాడు. "గొట్టానికి గుచ్చితే నిలవదు, చెక్కకి పెడితే మరక పడతాది, ఈ గుండుకైతే సరిగ్గా కూర్చుంటాది" అనేవాడు. అప్పుడు నువ్వు పక్కనే నిలబడి గంట వాయించావు, పులుపు ఇనుమును తింటుందని ఒక్క మాట అనలేదు. తానుగా రాలేదాకా ముట్టుకోకూడదన్నదీ ఆయనే. మధ్యలో పీకేస్తే ఆ ఏడు ఆ పనిముట్టు మన చెయ్యి కోస్తుందని ఆయన నమ్మకం. నీకు చెప్పే ధైర్యం లేనిది నాయనకు. దానికి నన్నంటావు.

ఆ అధికారి గుండు అందం చూడడు. బోల్టు మీది నంబరు, తుపాకి మీది నంబరు ఒకటేనా అని చూస్తాడు. ఉన్నది ఉన్నట్టు పంపు.

నీ ఉత్తరంలో ఏముందని తమిళరసి అడిగింది. బోల్టుకు జబ్బు చేసిందట అని చెప్పాను. "అత్తా, మీ తమ్ముడు బోల్టు ఇచ్చేది లేదు. అది ఇచ్చేస్తే ఇంక ఏమి సాకు పెట్టుకొని ఈడికి వస్తాడు?" అంది. నిన్న మొన్న వచ్చిన కోడలు, దానికేం తెలుసు మన ఇంటి సంగతి? నోరు మూసుకొని చింతపండు పిసకమన్నాను.

రంగమ్మాళ్


హోసూరు
జూలై చివర

అక్కకు,

ఉన్నది ఉన్నట్టు పంపేవాడినే. పంపేముందు కిరసనాయిలులో నానబెట్టి కడిగి, భూతద్దం పెట్టి చూశాను. పిడి బోల్టుకు అతికే చోట, మెడ దగ్గర, వెంట్రుకంత చీలిక కనబడింది. ఇది నిమ్మకాయ పని కాదు, ఒప్పుకుంటున్నాను. దొర కాలంలోనే ఎప్పుడో దెబ్బ తగిలి ఉంటుంది. ఆ అధికారి తెరిచి చూపించమంటే, నువ్వు పిడి ఎత్తగానే అది ఊడి చేతిలోకి వస్తే, ఈసారి రసీదులో ఏమి రాసిస్తారో నువ్వే ఊహించుకో.

అందుకని ఆర్గాన్ వెల్డింగు పెడుతున్నాను. పిడి వేడెక్కాలి, బోల్టు ఒళ్లు వేడెక్కకూడదు. ఒంటికి వేడి తగిలితే గట్టిదనం పోతుంది, పేల్చినప్పుడు దెబ్బ ఆపాల్సిన ఇనుము ఆపకుండా ముఖం మీదికి వస్తుంది. లోపల ఇత్తడి కడ్డీ దూర్చి, ఒంటికి తడిగుడ్డ చుట్టి, ఒక చుక్క అతికి, చల్లారనిచ్చి, గుడ్డ మళ్లీ తడిపి, ఇంకో చుక్క అతుకుతున్నాను. నీ మరదలు యోగలక్ష్మి జ్వరంతో పడుకున్నప్పుడు కూడా నేను ఇంత శ్రద్ధగా తడిగుడ్డ వేయలేదు. ఆమె పోయిన తరువాత ఇట్లాంటివి చాలా గుర్తుకొస్తున్నాయి.

గుంటలు కూడా అట్లాగే నింపి, ఆకురాయితో జామపిందె ఆకారానికి తెస్తాను. చిక్కంతా అడుగున ఉన్న గళ్లతోనే. గీతకూ గీతకూ ఎంత ఎడం ఉండేదో ఇప్పుడు తెలియడం లేదు. తుపాకికి ఎడమ పక్కన, బోల్టు జారి బయటికి రాకుండా ఆపే చిన్న మీట ఉంది. దొర దాని మీద కూడా అవే గళ్లు చెక్కించాడు. నిమ్మకాయ అక్కడిదాకా పోలేదు. ఆ మీట ముద్ర తీసి పంపు. దాన్ని బట్టి చెక్కుతాను.

అధికారి గళ్లు చూడడని నాకూ తెలుసు. నాకోసం చెక్కుతున్నాను.

ఈశ్వరప్ప


నల్లంపల్లి
ఆగస్టు

తమ్ముడు ఈశ్వరప్పకు,

ముద్ర తీయమన్నావు, దేని మీద తీయాలో రాయలేదు. ఆ పూట ఇంట్లో మెత్తగా ఉన్నది రాగి సంగటి ఒక్కటే. వేడి వేడి ముద్ద మీటకు అదిమాను. గళ్లు చూడముచ్చటగా పడ్డాయి. ఎండబెట్టి డబ్బాలో పెట్టేలోగా చీమలు పట్టి దొర చేయించిన గళ్లన్నీ తినేశాయి. మీటలో ఇరుక్కున్న సంగటిని పళ్లు తోమే బ్రష్షుతో తీసి, తుడిచి, నూనె రాశాను. ఫోన్‌లో విన్న నీ కూతురు సరణ్య ఎట్లాగూ నీ చెవిన వేస్తుంది కాబట్టి నేనే రాస్తున్నాను.

రెండోసారి బట్టల సబ్బు మీద తీశాను. అదే ఇందులో పెట్టాను. తమిళరసి సబ్బు కోసం ఇల్లంతా వెతికి చివరికి నన్నడిగింది. "హోసూరుకి పంపినాను" అన్నాను. "ఏంది అత్తా, ఆడ సబ్బు దొరకదా?" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు.

చాలా రోజులకు తుపాకి చేతికొచ్చింది కదా అని భుజానికి ఆనించి చూశాను. ఇప్పటికీ సరిగ్గా కూర్చుంది. కుడిచెయ్యి మాత్రం అలవాటు లేక ఊరికే ఉండిపోయింది. నీకు గుర్తుందో లేదో, వేరుశనగ చేలో పందుల కాపలాకు పోయినప్పుడు తుపాకి నాకంటే నాకని కొట్టుకునేవాళ్లం. నాయన విసిగిపోయి, "రంగ గురి పెడతాది, ఈశ బోల్టు లాగుతాడు, ఇంక నోరెత్తితే ఇద్దరికీ లేదు" అన్నాడు. నేను గురి పెట్టేదాన్ని, నువ్వు నా మోచేతి కింద దూరి బోల్టు లాగేవాడివి. ఒక్క పంది కూడా చావలేదు. అన్నీ మన గొడవ విని ముందే పారిపోయేవి.

సరణ్య ఫోన్ చేసింది. నీ కూతురు చెబితే తప్ప నీ ఒంటి సంగతి మాకు తెలియదు. మోకాలు వాచి మెట్లు ఎక్కలేకపోతున్నావట. పని ముగిశాక బోల్టు ఆ పిల్ల చేతికిచ్చి పంపు. నువ్వు రావాల్సిన పని లేదు. ఈ ఏటినుంచి పూజకు కూడా నీకు ఆ బస్సు తిప్పలు ఉండవు. అన్నీ ఇక్కడే ఉంటాయి కదా.

అక్క రంగమ్మాళ్


హోసూరు
ఆగస్టు

శ్రీమతి రంగమ్మాళ్ గారికి,

తాము పంపిన సబ్బు అందినది. గళ్లు స్పష్టముగా ఉన్నవి. సదరు కొలతల ప్రకారము పని జరుగుచున్నది.

ఇక నల్లరంగు పట్టించుట మిగిలి ఉన్నది. ఇందుకు ఇనుమునకు మందు పూసి, తుప్పు పట్టనిచ్చి, నీటిలో మరిగించి, తుడిచి, మరల తుప్పు పట్టనియ్యవలెను. రంగు తేరువరకు ఇట్లే చేయవలెను. వానల వలన ఎంత కాలము పట్టునో చెప్పజాలను.

పూర్తి అయిన పిదప వస్తువు సరణ్య ద్వారా పంపబడును. నేను రావలసిన పని లేదని ముందుగానే తెలియజేసినందుకు కృతజ్ఞుడను.

మోకాలు బాగున్నది.

ఇట్లు,
ఈశ్వరప్ప
తుపాకుల మరమ్మతుదారు


నల్లంపల్లి
సెప్టెంబరు మొదట్లో

ఈశా,

ఏమి ఉత్తరం అది? కరెంటాఫీసు నోటీసు అనుకొని కుమరేశన్ చేతికి ఇవ్వబోయాను. నీకు కోపం వచ్చిందని అర్థమైంది. దేనికి వచ్చిందో అర్థం కాలేదు. సబ్బు వాసనకా?

తుప్పు సంగతి మాత్రం బాగుంది. నా నిమ్మకాయ పట్టిస్తే తుప్పు, నువ్వు పట్టిస్తే రంగు. ఈ లెక్కన నేనూ ఇన్నేళ్లుగా నల్లరంగే పట్టించాననుకో.

ఇప్పుడు అసలు విషయం. నిన్న ధర్మపురిలో పెళ్లికి వచ్చి సరణ్య మా ఇంట్లో దిగింది. బోల్టు రంగు ఎందాకా వచ్చిందని అడిగాను. "అదెప్పుడో ముగిసిపోయింది అత్తా. నాయన దాన్ని టీవీ పక్కన పెట్టుకొన్నాడు. పొద్దు మునిగితే గుడ్డ విప్పుతాడు, పిడి పైకి కిందికి ఆడించి చూస్తాడు, మళ్లీ చుట్టి పెడతాడు. వార్తలు కూడా చూసేది లేదు" అంది. బోల్టు తేవాలని ఆ పిల్లకు నువ్వు చెప్పనే లేదట. తమిళరసి పక్కనుంచి నా వైపు చూసింది. నేను వక్కలు వెతుక్కున్నాను.

నాకు కోపం రాలేదు, ఈశా. భయం వేసింది. ఆ అధికారి నుంచి రెండోసారి కబురొచ్చింది. ఈ నెల దాటితే తన చేతిలో ఏమీ ఉండదని చెప్పి పంపాడు. మంచివాడే, ముందే చెప్పాడు. నాయన మంచం చెదలు తిన్నది. వేరుశనగ చేను రోడ్డు కింద పోయింది. ఆయన రోజూ తుడిచి పెట్టిన వస్తువు ఈ ఇంట్లో ఇదొక్కటే మిగిలింది. దాన్ని కూడా ఎవరో గోనెసంచిలో చుట్టి జీపులో వేసుకొని పోతుంటే నేను వాకిట్లో నిలబడి చూడలేను.

బోల్టు నీ దగ్గరే ఉండాలని నీ మనసులో ఉంటే ఆ మాటైనా రాయి. తుపాకి పోయిన తరువాత దాన్ని ఏ తలుపుకు గొళ్లెంగా పెట్టుకుంటావో అది కూడా రాయి.

అక్క


హోసూరు
సెప్టెంబరు

అక్కా,

సరణ్య చెప్పింది నిజం. పని ఆగస్టులోనే ముగిసింది. ఈ ఉత్తరంతోపాటు బోల్టు ఆమె చేతికే ఇచ్చి పంపుతున్నాను.

బోల్టుతోపాటు ఒక కాగితం ఇవ్వాలి. 'మరమ్మతు పూర్తయినది, యజమానికి అప్పగించడమైనది' అని. ఆ కాగితం ముందు పెట్టుకొని చాలాసార్లు కూర్చున్నాను. సంతకం చేస్తే నల్లంపల్లికి రావడానికి నాకు ఇక పని ఉండదు. నువ్వు కూడా అదే రాశావు, రావాల్సిన పని లేదని. నేను బోల్టును తెస్తున్నానని అందరూ అనుకునేవారు. నిజానికి ఏడాదికొకసారి అదే నన్ను మీ ఇంటికి తెచ్చేది. మిగతావాళ్లు చుట్టాలింటికి ఊరికే పోతారు. నాకు ఊరికే రావడం చేతకాదు. యోగలక్ష్మి ఉన్నప్పుడు ఆమె సంచి సర్ది, నన్ను ముందు నడిపించేది. ఇప్పుడు సర్దేవాళ్లు లేరు, చేతిలో బోల్టు కూడా ఉండదు. అందుకని ఆలస్యం చేశాను. నీకు భయం వేస్తుందని తోచలేదు. తోచాల్సింది.

సంతకం చేశాను.

పిడి మెడ గట్టిగా ఉంది, భయపడకుండా ఎత్తు. వారానికొకసారి తుపాకి నూనె రాయి, వేరుశనగ నూనె కాదు. గళ్లు ఒక్కో గీతా చేత్తోనే చెక్కాను, బొటనవేలితో తడిమి చూడు. పూజకు నిమ్మకాయ నేల మీద పెట్టు. గుండుకు మాత్రం గుచ్చవద్దు. ఇంకోసారి ఇంత పని చేసే ఓపిక నాకు లేదు.

ఈశ్వరప్ప


నల్లంపల్లి
ఆయుధ పూజ నాడు

ఒరే ఈశా,

ముందు శుభవార్త. తుపాకి మనదే.

అధికారి బల్ల మీద పెట్టగానే నంబర్లు చూశాడు. తెరిచి చూపించమన్నాడు. కుమరేశన్ పిడిని గట్టిగా పట్టుకొని ముందుకు తోశాడు. వాడికి సైకిల్ పంపు తప్ప ఏమీ తెలియదు. నేను పక్కకు జరగమని చెప్పి పిడి ఎత్తి వెనక్కి లాగాను. చప్పుడే లేదు. ఆయన గుండు అడుగున వేలు పెట్టి గళ్లు తడిమాడు. మళ్లీ ఒకసారి తడిమాడు. ఎవరు చేశారన్నాడు. మా తమ్ముడు అన్నాను. "ఇన్నేళ్లు పట్టిందా?" అన్నాడు. "మంచి పనికి పడుతుంది సార్" అన్నాను. తల ఊపి ముద్ర కొట్టాడు. నువ్వు చదువుతావని చెప్పడం కాదు గానీ, ఆ గుండును నేను కూడా రోజూ తడుముతున్నాను.

ఈ రోజు పూజ. నాగలి, మోటారు, కుమరేశన్ బండి, తమిళరసి మిక్సీ, అన్నిటికీ చందనం పెట్టాం. తుపాకి పెట్టాం. అది ముందే కలిసి ఉంది. నువ్వు సంచి విప్పడం లేదు, గుడ్డ ఊడదీయడం లేదు, నేను తుపాకి పట్టుకోవడం లేదు, నువ్వు బోల్టు దూర్చడం లేదు, "మెల్లగా అక్కా" అనడం లేదు. హారతి ఇచ్చాం, అందరూ పాయసానికి లేచారు. ఇంత తొందరగా పూజ ఎప్పుడూ ముగియలేదు. రెండూ ఒకటిగా చేసి పెట్టమని నాయన చెప్పింది మనిద్దరి గురించే. ఆ సంగతి ఈ వయసులో, హారతి పళ్లెం చేతిలో ఉండగా తెలిసింది. అక్కడే కూర్చొని ఏడ్చాను. సాంబ్రాణి పొగ అనుకొని తమిళరసి కిటికీ తెరిచింది.

రావాల్సిన పని లేదని నేను రాసింది నీ మోకాలు చూసి రాశాను. నిన్ను వద్దని కాదు. అది నీకు ఎట్లా తగిలిందో నీ కరెంటాఫీసు ఉత్తరం వచ్చిన నాడే తెలియాల్సింది. తెలియలేదు. నువ్వు నాకు కావాలి, ఈశా. పని ఉన్నా లేకున్నా కావాలి.

అయినా నీ గుణం నాకు తెలుసు. ఊరికే రమ్మంటే రావు. అందుకని ఒక నిమ్మకాయ కోశాను. ఉన్నవాటిలో పెద్దది, బాగా రసమున్నది చూసి కోశాను. కుంకుమ అద్ది నీ జామపిందెకు గుచ్చాను. కింద నూనె రాయలేదు. పూజ గదికి తాళం వేసి చెవి నా కొంగున కట్టుకున్నాను. తానుగా రాలేదాకా తీయకూడదని నాయన మాట, నేను దాటను. ఆ తరువాత నీ ఇష్టం.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేయమని కుమరేశన్‌ను పరుగెత్తిస్తున్నాను.

అక్క


ధర్మపురి పోయే బస్సు

అక్కా,

ఇది తపాలాలో వేస్తే నాకంటే వెనక వస్తుంది. అందుకని నేనే తెచ్చి నీ చేతికిస్తాను. నువ్వు చదివేటప్పుడు నేను ఎదురుగా కుర్చీలో ఉంటాను. మాట్లాడించకు, ముందు చదివి ముగించు. నోటితో మొదలుపెడితే మొదటి మాటకే పోట్లాట వస్తుంది. అక్షరాలు వంకరగా ఉంటే అది డ్రైవరు పని.

నీ ఉత్తరం చదివి నూనె, గుడ్డ, ఆకురాయి అన్నీ సంచిలో పడేసుకొని బయల్దేరాను. రాగానే తాళం తీయించి నిమ్మకాయ పీకి పారేయాలనుకున్నాను. సరణ్య మోకాలికి పట్టీ కట్టుకోమని వెంట పరుగెత్తింది, ఆగలేదు. సూళగిరిదాకా నిన్ను తిట్టుకుంటూనే వచ్చాను. పక్కసీటు ఆయన లేచి వేరే చోట కూర్చున్నాడు.

కృష్ణగిరి దాటాక తిట్లు అయిపోయాయి. అప్పుడు తోచింది, ఇన్నాళ్లుగా నేను ఇంత గట్టిగా ఎవరినీ తిట్టలేదని. యోగలక్ష్మి పోయాక హోసూరులో నాకు పోట్లాడేందుకు ఎవరూ లేరు. సరణ్య అన్నిటికీ సరే నాయనా అంటుంది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. చెవులు వినపడక కాదు.

కాబట్టి నిమ్మకాయను తీయవద్దు. నాయన మాట ప్రకారం తానుగానే రాలనీ. రాలేదాకా నేను మీ ఇంట్లోనే ఉంటాను. పోయినేడు నా సంచిలో అది దీపావళిదాకా రాలలేదు. గుండు పాడైతే పాడవనీ, మళ్లీ చేస్తాను. ఓపిక లేదని కోపంలో రాశాను. నీ సబ్బు ముద్ర దాచే ఉంచాను.

పాయసంలో బెల్లం తక్కువ వెయ్యి.

ఈశ

తాజా కలం: నువ్వు కళ్లద్దాలు తెచ్చుకోవడానికి లోపలికి పోయినప్పుడు పూజ గది కిటికీలోంచి చూసుకున్నాను. నిమ్మకాయ పైన కొంచెం ఎండింది. కానీ గట్టిగానే పట్టుకొని ఉంది.